సుడి చూసి ప్రాసెసర్

ఏమండోయ్, ఇంట్లోనే ఉన్నారా? పొయ్యి మీద ఏమైనా ఉంటే మంట తగ్గించి రండి. కాస్త పొడుగు కథ.

మా అన్నయ్య కొడుకు చంటికి ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. ఈఏపీసెట్ అనాలట ఇప్పుడు. నాకు నోరు తిరగదు, నేను ఎంసెట్ అనే అంటాను. మీరూ అంతేగా? సీటొచ్చిన సంతోషంలో వాళ్ల నాన్న ల్యాప్‌టాప్ కొనిస్తానని నోరు జారాడు. చదువు కోసమే సుమండీ! చదువుకునే ల్యాప్‌టాప్‌కి అంత లావు గ్రాఫిక్స్ కార్డు దేనికని మా వదిన అడిగింది కూడా. "ఆటోక్యాడ్‌కి కావాలమ్మా" అన్నాడు వీడు. వాడు చేరింది కంప్యూటర్ సైన్సులో. నేను నోరు తెరవబోయి ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో తర్వాత చెప్తాను, గుర్తు చేయండి.

అసలు రభస అది కాదు. వాడికి రెండు ల్యాప్‌టాప్‌లు నచ్చాయి. రెండూ ఒకే కంపెనీవి, రంగు ఒకటే, స్క్రీను ఒకటే, ధర కూడా ఇంచుమించు ఒకటే. ఒకటి కాస్త సన్నం, ఇంకోటి కాస్త మందం. సన్నందాంట్లో ఇంటెల్ ఐ7-12700హెచ్, మందందాంట్లో ఐ7-12650హెచ్. తేడా యాభై! ఆ యాభై కోసం వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. వాడు అన్నం ముందు కూర్చుని యూట్యూబు, మంచమెక్కి యూట్యూబు. రెండు ప్రాసెసర్లని పక్కపక్కన పెట్టి ఒకే ఆట ఆడించే వీడియోలుంటాయి చూశారూ, అవి. ఎడమ పక్క 91, కుడి పక్క 93. "చూశావా అత్తా, రెండెక్కువ!" అంటాడు, పక్కింటివాళ్లకి ర్యాంకొచ్చినంత ఆవేశంగా.

నవ్వకండి. మొన్న బండివాడి దగ్గర చిన్నరసాలా పెద్దరసాలా అని అరగంట నిలబడి, రెండూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, చివరికి బంగినపల్లి కొనుక్కెళ్లింది ఎవరండీ?

వాణ్ని చూస్తుంటే నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. తాతయ్య ఎడ్లు కొనడానికి సంతకి బయల్దేరితే నేను తోకలా వెంటపడేదాన్ని. అక్కడ పక్కపక్కన రెండు కోడెలు. రెండూ మల్లెపూల రంగు, రెండింటికీ ఒకేలాంటి మూపురం. నా కంటికి రెండూ ఒకటే. తాతయ్య కంటికి కాదు. ముందు మూతి విప్పి పళ్లు లెక్కపెట్టేవాడు, రెండు పళ్లదా నాలుగు పళ్లదా అని. ఆ తర్వాత నుదుటి మీదా వీపు మీదా సుడులు చూసేవాడు. ఒకచోట సుడి ఉంటే ఇంటికి లక్ష్మి, ఇంకోచోట ఉంటే యజమానికి గండం. గిట్టలు తట్టేవాడు, తోక మెలిపెట్టేవాడు. దళారి తువ్వాలు కప్పి దాని కింద వేళ్లు పట్టుకుని బేరం మొదలెట్టేవాడు. అంతా అయిందనుకునే వేళకి తాతయ్య తాపీగా అనేవాడు, "బండికి కట్టు, చూద్దాం." ఇసకలో బండి లాగించి చూశాకే రొంటిన దోపిన డబ్బు బయటికొచ్చేది.

చంటి చూస్తున్నదీ సుడులే. వాడి సుడులు అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంటాయి, అంతే.

ఆ సుడిశాస్త్రం మీకూ కాస్త చెప్తాను. భయపడకండి, పంచాంగం కంటే తేలికే. ముందున్న 12 అంటే పన్నెండో తరం. ల్యాప్‌టాప్‌ల్లోకి 2022లో దిగింది. చివర హెచ్ ఉంటే 45 వాట్ల ఎద్దు, ఆటకి పనికొస్తుంది. యూ ఉంటే 15 వాట్లది. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి, సినిమాలు చూసుకోవడానికి బంగారం. పెద్ద ఆటకి తోలుకెళ్తే దారిలో మోకాళ్ల మీద కూలబడుతుంది. హెచ్‌ఎక్స్ అని రెండక్షరాలుంటే 55 వాట్లు. దాణా ఎక్కువ, వేడీ ఎక్కువ.

ఇక లోపలి సంగతి. ఈ పన్నెండో తరం నుంచి ఇంటెల్‌వాళ్లు కోర్లన్నీ ఒకే సైజులో పెట్టడం మానేశారు. బరువు లాగడానికి పెద్ద కోర్లు, చిల్లర పనులకి చిన్న కోర్లు. పీ కోర్లనీ, ఈ కోర్లనీ అంటారు. పెద్దది ఒకేసారి రెండు పనులు పట్టుకుంటుంది, చిన్నది ఒక్కటే. వేళ్లు మడవండి మరి. 12650లో పెద్దవి 6, చిన్నవి 4. ఆరు రెళ్లు పన్నెండు, దానికో నాలుగు, మొత్తం 16 థ్రెడ్లు. 12700లో పెద్దవి అవే 6, చిన్నవి మాత్రం 8. అక్కడ 20. వేగం దౌడు తీసినప్పుడు రెండింటికీ 4.7 గిగాహెర్ట్జే. క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న గాదె, రెండింటికీ 24 ఎంబీయే. 12700లో లోపలి గ్రాఫిక్స్ కొంచెం పెద్దది గానీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనుక్కుని కూర్చున్నాక ఆటకి దాంతో పనేముంది? అంటే యాభై తేడా అంతా నాలుగు చిన్న కోర్లన్నమాట. వీడియోలు ఎడిట్ చేసుకునేవాళ్లకి ఆ నాలుగూ అక్కరకొస్తాయి, కాదనను. ఆటలో బరువు లాగే ఆరూ ఇక్కడా ఉన్నాయి, అక్కడా ఉన్నాయి.

ఇది చెప్పేసరికి వాడి మొహం మాడిపోయింది. తేడా లేదంటే హాయిగా నిద్రపోవాలి కదండీ? ఊహూ. తేడా లేకపోతే ఇక వెతుక్కోవడానికేముంది! నాకు జాలేసి మూడోది చూపించాను. ఐ7-13620హెచ్. వాడి కళ్లు మళ్లీ వెలిగాయి. పదమూడో తరం! పెద్ద కోర్లు 6, చిన్నవి 4, క్యాష్ 24...

ఆగండాగండి. ఈ కొలతలెక్కడో విన్నట్టు లేదూ?

అవునండీ, మన 12650 గారే. వేగం 4.9 చేసుకుని, తలకి నూనె రాసుకుని వచ్చారు. 2025లో కోర్ 7 240హెచ్ అని ఇంకొకరు దిగారు. ముందున్న ఐ పోయింది, పేరంతా మారింది. చూస్తే పెద్దవి 6, చిన్నవి 4, క్యాష్ 24, వేగం 5.2. వీళ్ల తమ్ముడి ఇల్లూ అంతే. ఐ5-12450హెచ్, తర్వాత ఐ5-13420హెచ్, తర్వాత కోర్ 5 210హెచ్. పెద్దవి 4, చిన్నవి 4, క్యాష్ 12. వేగం మాత్రం 4.4 నుంచి 4.6, అక్కణ్నుంచి 4.8. ప్రతి సంక్రాంతికీ కొత్త చొక్కా వేసుకుని వీధిలో తిరిగే అదే సుబ్బారావు.

ఇంటెల్‌కి పోటీ అయిన రైజెన్‌వాళ్లేమైనా తక్కువ తిన్నారా? 2022లో 6800హెచ్ అన్నారు. మరుసటేడు దాన్నే కాస్త దువ్వి 7735హెచ్‌ఎస్ అన్నారు. 7840హెచ్‌ఎస్ వచ్చింది, చాలా మంచి పిల్లాడు, 8 కోర్లు, 16 థ్రెడ్లు, 5.1 గిగాహెర్ట్జ్. ఆ తర్వాత 8845హెచ్‌ఎస్ వచ్చింది. 8 కోర్లు, 16 థ్రెడ్లు, 5.1. ఏఐ పనులకని పక్కన పెట్టిన బుల్లి యంత్రం మాత్రం 10 టాప్స్ నుంచి 16కి పెరిగింది. శత్రువుని కాల్చేటప్పుడు అది మీకేమీ సాయం చేయదు లెండి. 2025లో అదే మనిషి రైజెన్ 7 260 అని పేరు మార్చుకున్నాడు. పెళ్లిచూపులకి వెళ్తున్నాడేమో.

7000 వరస రైజెన్లకి ఓ గమ్మత్తు సుడి ఉంది, రాసుకోండి. మొదటి అంకెతో మోసపోకూడదు. మూడో అంకె చూడాలి, లోపలి డిజైన్ ఏ తరందో అదే చెప్తుంది. అది 4 అయితే జెన్ 4, 3 అయితే జెన్ 3 బాపతు, 2 అయితే జెన్ 2. అంటే 7520యూ అని 2023 పేరుతో కనిపించే దాని లోపల 2019లో పుట్టిన జెన్ 2 కూర్చుని ఉంటుంది. పళ్లు చూడకుండా ఎద్దుని కొంటే ఇంతే మరి! నాకు వీళ్ల మీద కోపమేమీ లేదు. పాత స్నేహితుణ్ని కొత్త పేరు కింద పట్టుకోవడంలో ఎంత సరదా ఉందని! దొంగా, దొరికావు!

సరే, మీరడగబోయేది నాకు తెలుసు. "ఇంతకీ ఆటలో ఏది బాగా పరిగెడుతుందమ్మా, అది చెప్పి ఏడువు" అంటారు. అంతేగా?

మీ వీధి చివర పెసరట్ల బండి ఉంది కదా. ఒకాయన ఆర్డర్లు కేకేస్తాడు, ఒకాయన పెనం దగ్గర పోస్తాడు. కేకేసేవాడు ప్రాసెసర్. శత్రువెక్కడున్నాడు, తూటా ఎటెళ్లింది, గోడ ఎక్కడ కూలింది అన్నీ చూసుకుని "ఇదిగో, ఈ బొమ్మ గియ్యి" అంటాడు. పెనం గ్రాఫిక్స్ కార్డు. సైబర్‌పంక్ 2077 లాంటి ఆట పెట్టి, సోకులన్నీ పైకి లాగారనుకోండి. ప్రతి అట్టూ అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, లోపల ఉప్మా. పెనం కిందామీదా పడుతుంటుంది. కేకేసేవాణ్ని మార్చి ఇంకా గట్టిగా అరిచేవాణ్ని తెస్తే అట్టు ముందొస్తుందా? రాదు. అక్కడ 12650 అయినా 12700 అయినా వాడు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి వేరు. సోకులన్నీ తగ్గించి ఆడతారు పిల్లలు. అవి ఉత్త అట్లు, పెనం మీద ఇలా వేస్తే అలా లేస్తాయి. 144 హెర్ట్జ్ స్క్రీనంటే సెకనుకి 144 బొమ్మలు. ఒక్కో బొమ్మకి ఏడు మిల్లీసెకన్లు కూడా ఉండవు. అప్పుడు కేకేసేవాడికి చెమటలు పడతాయి. ఒక్కో కోరు ఎంత చురుకు, క్యాష్ ఎంతుంది అన్నది అక్కడ లెక్కకొస్తుంది. అప్పుడు కూడా అన్నదమ్ముల మధ్య తేడా అంతంతమాత్రం. 4.7కీ 4.9కీ మధ్య నూటికి నాలుగు. అదీ పూర్తిగా చేతికొస్తే!

ఇదంతా నాకెలా తెలుసంటారా? ఆటోక్యాడ్ దగ్గర నేనెందుకు ఊరుకున్నానో చెప్తానన్నానుగా. మీరు గుర్తు చేయనేలేదు! నేనూ ఆడతానండీ. ఇందులో దాచేదేముంది? కాలేజీ రోజుల్లో గంటకింతని డబ్బులిచ్చి నెట్ సెంటర్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడాను. 1999లో వచ్చిన ఆట, ఇప్పటికీ ఆడుతున్నాను. ఎనిమిది మంది దిగి, ఒక్కొక్కరు 200 మంది జనాన్ని పెంచి, అందరూ ఒకేసారి యుద్ధానికి వస్తే ఎంతటి ప్రాసెసరైనా ఓసారి గుటకలు మింగుతుంది. ఇంకోటి యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. చెక్ దేశంవాళ్లు 2012లో చేశారు. ప్రాగ్‌లో సరుకెక్కిస్తాను, వాన పడుతుంటుంది, వైపర్లు వేసుకుని వియన్నా చేరతాను. ఎవరినీ చంపనక్కర్లేదు. ఇండికేటర్ వేయకుండా మలుపు తిరిగితే నాకే సిగ్గేస్తుంది. మా ఆయన చూసి, "ఊళ్లో స్కూటీ తోలడానికి భయం, ఆస్ట్రియాలో లారీ తోలుతోంది" అంటారు. అనుకోనీండి. మా తాతయ్య బండి తోలాడు, నేను లారీ తోలుతున్నాను.

ఈ లారీ ఆటకి ఓ మొండి గుణముంది. కోర్లు ఎన్నున్నా కాడి చాలావరకు ఒక్కదాని మెడ మీదే వేస్తుంది. మిగతావి గడ్డి నెమరేస్తుంటాయి. ఇది తెలియక ఒకసారి దెబ్బ తిన్నాను. కొన్నేళ్ల కిందట ఐ7 స్టిక్కరు చూసి, కాగితంలా పల్చటి ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చుకున్నాను. ఏ కంపెనీదో చెప్పను. జనవరిలో బాగానే తోలింది. మే నెల వచ్చింది. హైదరాబాదులో మే నెలంటే తెలుసుగా! డైనింగ్ టేబులు మీద పెట్టి బయల్దేరానా, పది నిమిషాలకి ఫ్యాన్లు మిక్సీలో పచ్చడి రుబ్బుతున్నట్టు మొదలెట్టాయి. వంటింట్లోంచి మా అత్తగారు, "మిక్సీ ఎవరు వేశారే?" అని అడిగారు. ఈ ఇంటెల్ హెచ్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. నీళ్లు మరిగే వేడి! అది అందుకోగానే తమంతట తామే వేగం తగ్గించేసుకుంటాయి. నా ఐ7 కూడా అంతే, రోడ్డు మీద లారీ నత్తయింది. రెండు కూల్‌డ్రింకు మూతలు తెచ్చి వెనక కాళ్ల కింద పెట్టాను. కింది నుంచి గాలాడి కాస్త తేరుకుంది. ఇప్పటికీ అవి దాని కిందే ఉన్నాయి, తీస్తే అలుగుతుంది.

అందుకని పోయిన ఆదివారం చంటిని తీసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్లాను, చెనాయ్ ట్రేడ్ సెంటరుకి. సీటీసీ అంటే చాలు, ఆటోవాళ్లు దింపేస్తారు. అంతస్తు అంతస్తుకీ కొట్లే, గుమ్మం గుమ్మంలో "రండి మేడమ్, ఏం కావాలి మేడమ్". రెండూ పక్కపక్కన పెట్టించాను. "రెండూ సేమే మేడమ్, సన్నగున్నది తీస్కోండి, మస్తుంటది" అన్నాడు కొట్టబ్బాయి. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "బాబూ, బండికి కట్టు."

"ఏం కట్టాలి మేడమ్?"

"ఒకే ఆట రెండింట్లోనూ పెట్టు. ఇరవై నిమిషాలు ఆడనీ."

పాపం, మంచి పిల్లాడు, పెట్టాడు. టీ కూడా తెప్పించాడు. మొదటి ఐదు నిమిషాలు రెండూ సమానం. చంటి నావైపు గర్వంగా చూశాడు. ఏడో నిమిషానికి సన్నందాంట్లో అంకె జారడం మొదలెట్టింది. పన్నెండో నిమిషానికి దాని డబ్ల్యూ మీటా, పక్కనున్న ఏ, ఎస్, డీ మీటలూ ఇప్పుడే ఇస్త్రీ చేసిన కాలరంత వేడి. వాడు వేళ్లు తీసి ఊదుకున్నాడు. మందంది మాత్రం గాలి గట్టిగా వదులుతూ, తలొంచుకుని లాగుతూనే ఉంది.

పెట్టెల మీది సన్నక్షరాలు చదవమని నా కళ్లజోడు వాడికిచ్చాను. వాడికక్కర్లేదనుకోండి, నాటకీయంగా ఉంటుందని. రెండింట్లోనూ గ్రాఫిక్స్ కార్డు ఆర్టీఎక్స్ 4050యే, 6 జీబీదే. ఆ కార్డుని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా బిగించుకోమని కంపెనీలకి వదిలేసింది ఎన్విడియా. సన్నదానికి 60, మందందానికి 105. పెనం పేరొకటే, కింద మంట వేరు. వారం రోజులు ప్రాసెసర్ల అంకెలు బట్టీ పట్టిన పిల్లాడు ఈ అంకె చూడనేలేదు! నేను ఏమీ అనలేదు. టీ తాగాను.

ఇంకో సుడి కూడా అక్కడే బయటపడింది. రెండింట్లోనూ 16 జీబీ ర్యామ్, కానీ ఒకే స్టిక్కు. రెండో గాడి ఖాళీ. ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య రెండు దారులుంటే ఒకటి మూసేసినట్టు. జంట ఎద్దుల బండికి ఒక్క ఎద్దుని కట్టి పంపిస్తారా ఎవరైనా? వీళ్లు పంపిస్తారు. రెండో స్టిక్కు వేస్తే కేకేసేవాడి మీద భారం పడే ఆటల్లో తేడా కంటికే తెలుస్తుంది. రెండు ప్రాసెసర్లకి మధ్య తేడా కంటే అదే ఎక్కువ.

పనిలో పని, మీ అమ్మాయి ఆగస్టులో డాలస్ వెళ్తోంది కదా, ల్యాప్‌టాప్ ఇక్కడే కొంటున్నారటగా? విమానంలో 100 వాట్‌అవర్లు దాటిన బ్యాటరీకి విమానంవాళ్ల అనుమతి కావాలి. అందుకే ఎంత రాక్షసి ల్యాప్‌టాప్ అయినా బ్యాటరీ ఆ గీత దాటదు. 200 వాట్లు తాగే ఆటని 100 వాట్‌అవర్ల మీద నడిపితే అరగంట. అదీ బ్యాటరీ మీద మొహం ముడుచుకునే ఆడుతుంది, పూర్తి బలం చూపించదు. కాబట్టి ఇటుకంత ఛార్జరు కూడా మోసుకెళ్లాల్సిందేనని చెప్పండి. పచ్చడి సీసాల్లో ఒకటి తగ్గించుకోక తప్పదు. గోంగూర తగ్గించమనకండి, ఆ పాపం నాకొద్దు.

మందందే కొన్నాం. 12650హెచ్. రెండో ర్యామ్ స్టిక్కు కూడా అక్కడే వేయించాం, మా అన్నయ్యకి "ఆటోక్యాడ్‌కి కావాలి" అని నేనే చెప్పాను. చంటి మూడు రోజులు చాలా సంతోషంగా ఉన్నాడు. నిన్న ఫోన్ చేసి, "అత్తా, మౌసు రెండు నచ్చాయి. ఒకటి 61 గ్రాములు, ఒకటి 63" అన్నాడు. రెండూ పట్టుకుని శనివారం రమ్మన్నాను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి తగువేమైనా ఉంటే మొహమాటపడకుండా పిల్లల్ని నా దగ్గరికి పంపించండి. ఆరు దాటాక పంపండి మరి. ఐదింటికి ప్రాగ్‌లో లోడెక్కుతోంది.